సర్పిల గెలాక్సీల నడిబొడ్డున: వాయువు పుష్కలం, నక్షత్రాలు అరకొర

పాలపుంత కేంద్రానికి దగ్గరలో ఖగోళ శాస్త్రవేత్తలు ‘ఇటుక’ అని పేరు పెట్టుకున్న మేఘం ఒకటి ఉంది. అందులోని వాయువునంతా పోగుచేస్తే లక్షకు పైగా సూర్యుళ్లకు సరిపోతుంది. అంత పదార్థమూ కొన్ని పదుల కాంతి సంవత్సరాల నిడివిలోనే కుక్కి పెట్టినట్టు ఉంటుంది. వెనకనున్న నక్షత్రాల నుంచి వచ్చే పరారుణ కాంతిని సైతం అది దాటనివ్వదు కాబట్టి, వెలుగుతో నిండిపోయిన ఆ ప్రాంతపు పరారుణ చిత్రాల్లో అదొక్కటీ నల్లటి దిమ్మలా కనబడుతుంది. దీనితో పోల్చి చూడదగ్గ మరో మేఘం మన పొరుగునే, దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలుండే ఓరియన్ మండలంలో ఉంది. ఓరియన్-ఎ అనే ఆ మేఘం ద్రవ్యరాశిలో ఇటుకకు ఇంచుమించు సమానమే గాని, సుమారు 300 కాంతి సంవత్సరాల మేర పలచగా పరుచుకుని ఉంది. పలచని ఓరియన్‌లో వేల సంఖ్యలో పసి నక్షత్రాలున్నాయి. దట్టమైన ఇటుకలో మాత్రం, ఒక మూల చిన్న గుంపు రూపు కడుతున్న జాడను మినహాయిస్తే, చెప్పుకోదగ్గ పుట్టుకలు లేవు.

వాయువు ఎంత దట్టమైతే అంత తొందరగా తన బరువుకు తానే కుంగి నక్షత్రాలుగా మారుతుందన్నది నక్షత్రాల పుట్టుక గురించి ఎవరు చెప్పినా మొదట చెప్పే మాట. ఆ మాట తప్పు కాదు. కానీ సర్పిల గెలాక్సీల కేంద్రాలకు వచ్చేసరికి అది సరిపోవడం లేదు. అక్కడ దట్టమైన వాయువు పళ్లెంలో, అంటే కేంద్రం చుట్టూ చదునుగా పరుచుకున్న గెలాక్సీ భాగంలో, కంటే చాలా ఎక్కువ. అయినా ఆ వాయువులో ప్రతి సూర్యుడంత ద్రవ్యరాశికీ పుడుతున్న నక్షత్రాల సంఖ్య పళ్లెంలో కంటే తక్కువ. ఇటుక ఒక్కటే దారి తప్పిన మేఘమైతే దాన్ని విచిత్రంగా పక్కన పెట్టవచ్చు. పదుల గెలాక్సీల్లో ఇదే తీరు కనబడుతున్నప్పుడు, ‘దట్టమైన’ అన్న మాటకు మనం చెప్పుకుంటున్న అర్థాన్నే మళ్లీ చూసుకోవలసి వస్తుంది.

ముందు ఒక చిన్న మాట. ‘అణు’ అనగానే తెలుగు పత్రికల పాఠకుడికి బాంబో, విద్యుత్ కేంద్రమో గుర్తుకు వస్తుంది. ఇక్కడ అణువాయువు అంటే పరమాణువులు విడివిడిగా కాక, జతకట్టి అణువులుగా ఉన్న వాయువు; అందులో సింహభాగం రెండు హైడ్రోజన్ పరమాణువులు కలిసిన అణువులే. నక్షత్రాల మధ్యనున్న వాయువు చల్లబడి, ధూళి చాటున అతినీలలోహిత కిరణాల బారి నుంచి తప్పించుకున్న చోటనే ఈ జతలు నిలుస్తాయి. ఇక సాంద్రత సంగతి. సముద్రమట్టం దగ్గర ఒక ఘన సెంటీమీటరు గాలిలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. గెలాక్సీల విషయంలో ‘సాంద్ర అణువాయువు’ అని పిలిచేదానిలో అదే ఘన సెంటీమీటరుకు ఉండేవి పది వేలు, లక్ష. ప్రయోగశాలల్లో ఎంతో శ్రమపడి సాధించే మంచి శూన్యంలో కూడా ఇంతకంటే ఎక్కువ అణువులు మిగిలి ఉంటాయి. మామూలు అణుమేఘాల సగటు సాంద్రత వందల్లో ఉంటుంది కాబట్టి, వాటితో పోల్చినప్పుడే ఇది దట్టం.

ఈ వాయువును చూడటంలోనే అసలు చిక్కు ఉంది. హైడ్రోజన్ అణువులో రెండు వైపులా ఒకే రకం పరమాణువు ఉండటం వల్ల విద్యుదావేశం ఏ పక్కకూ ఒరగదు. అందువల్ల అది రేడియో తరంగాల్లో దాదాపు మూగది. అణువు గిరగిర తిరిగే శక్తి మెట్లు మెట్లుగా ఉంటుంది; హైడ్రోజన్ అణువు మొదటి భ్రమణ మెట్టు ఎక్కాలన్నా 500 కెల్విన్‌లకు సరిపడే శక్తి కావాలి, మేఘాల ఉష్ణోగ్రతేమో 10, 20 కెల్విన్‌లు. కనుక హైడ్రోజన్‌తో పాటు కొద్దికొద్దిగా కలిసి ఉన్న ఇతర అణువుల సాక్ష్యం మీద ఆధారపడక తప్పదు. వాటిలో మొదటిది కార్బన్ మోనాక్సైడ్. 1970లో రాబర్ట్ విల్సన్, కీత్ జెఫర్ట్స్, ఆర్నో పెంజియాస్‌లు అమెరికాలోని కిట్ పీక్ మీదున్న రేడియో టెలిస్కోపుతో, 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఓరియన్ దిశలోనే దీన్ని మొదటిసారి పట్టుకున్నారు. 1975 నాటికి ఇతర గెలాక్సీల్లోనూ ఇది కనిపించింది. రెండవది హైడ్రోజన్ సయనైడ్. భూమి మీద ప్రాణాంతకమైన విషంగా పేరుపడిన ఈ అణువు 3.4 మిల్లీమీటర్ల దగ్గర వెలువరించే రేఖ, దట్టమైన వాయువుకు కొలబద్దగా కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

హైడ్రోజన్ సయనైడే ఎందుకు అన్నదానికి జవాబు కొన్ని గంటలు, కొన్ని నెలల లెక్కలో ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అణువు ఒకటి మరో అణువుతో ఢీకొని మొదటి భ్రమణ మెట్టు ఎక్కిందనుకుందాం. దానంతట అది ఆ శక్తిని రేడియో తరంగంగా వదిలి కిందికి దిగడానికి సగటున 160 రోజులు పడుతుంది. హైడ్రోజన్ సయనైడ్‌లో విద్యుదావేశం ఒక పక్కకు బాగా ఒరిగి ఉండటం వల్ల అదే పని పన్నెండు గంటలైనా గడవకముందే అయిపోతుంది. ఐదు నెలలకోసారి ఢీకొట్టే అణువు ఒకటి దొరికితే చాలు, కార్బన్ మోనాక్సైడ్ వెలుగుతూనే ఉంటుంది; అందుకు ఘన సెంటీమీటరుకు వెయ్యి, రెండు వేల అణువులు సరిపోతాయి. పూటకోసారి ఢీకొనడం జరిగితే తప్ప హైడ్రోజన్ సయనైడ్ మెట్టు మీద నిలవలేదు. అందుకు లక్షల్లో సాంద్రత కావాలి. ఇది కాగితం మీది లెక్క. ఒక అణువు వదిలిన తరంగాన్ని పక్క అణువు పట్టుకుని మళ్లీ వదలడం వంటివి కూడా కలుపుకుంటే, నిజంగా కావలసిన సాంద్రత ఇంతకంటే తక్కువే. ఈ తేడా తర్వాత పెద్ద తగాదాకు దారితీసింది.

ఈ రేఖలను పట్టడం అన్ని టెలిస్కోపుల వల్లా అయ్యే పని కాదు. పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీ, ఎంత పేరున్నదైనా, మీటరు తరహా పొడవాటి తరంగాల కోసం కట్టినది. ఈ మిల్లీమీటరు తరంగాలు దాని పరిధిలోకి రావు. గాలిలోని తేమ వీటిని మింగేస్తుంది కాబట్టి ఎత్తయిన, పొడి ప్రదేశాలు కావాలి. స్పెయిన్‌లో 2,850 మీటర్ల ఎత్తున పికో వెలెటా మీదున్న 30 మీటర్ల ఐరామ్ రేడియో టెలిస్కోపు, చిలీలో 5,000 మీటర్ల ఎత్తున చాహ్నాంతోర్ పీఠభూమి మీద 66 యాంటెనాలతో 2013లో ప్రారంభమైన ఆల్మా, ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని నోయెమా ఈ రంగానికి ఆయువుపట్లు.

2004లో యూ గావ్, ఫిలిప్ సాలమన్‌లు 65 గెలాక్సీల్లో హైడ్రోజన్ సయనైడ్ వెలుగును, ఆ గెలాక్సీలు వెదజల్లే పరారుణ కాంతిని పక్కపక్కన పెట్టి చూశారు. కొత్తగా పుట్టిన నక్షత్రాల వేడికి ధూళి కాగి వెలువరించేదే ఆ పరారుణ కాంతి కనుక అది నక్షత్రాల పుట్టుకకు కొలత. రెండూ సరళరేఖలో కలిసి పెరిగాయి: సయనైడ్ రెట్టింపైతే నక్షత్రాల పుట్టుకా రెట్టింపు. కార్బన్ మోనాక్సైడ్‌తో ఇంత సూటి సంబంధం కనబడదు. ఆ మరుసటి సంవత్సరమే పాలపుంతలోని ఒక్కొక్క మేఘపు ముద్ద కూడా ఇదే గీత మీద పడుతుందని జింగ్‌వెన్ వూ, నీల్ ఎవాన్స్ తదితరులు చూపారు. ఒక్క మేఘం నుంచి మహా గెలాక్సీ దాకా ఒకటే సూత్రం! మేఘంలో పది వేల సాంద్రత దాటిన భాగమే నక్షత్రాలను కంటుంది, మిగతాది ఊరికే ఉంటుంది, అది దాటిన ప్రతి సూర్యుడంత వాయువూ ఒకే వేగంతో నక్షత్రాలుగా మారుతుంది అన్న భావన దీనితో బలపడింది. అంత అందంగా కుదిరిన సూత్రాన్ని అనుమానించడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అనుమానం కేంద్రాల నుంచే వచ్చింది. గావ్, సాలమన్‌లు ఒక్కో గెలాక్సీని మొత్తంగా ఒక చుక్కగా తీసుకున్నారు. గెలాక్సీ లోపల ఒక చోటికీ మరో చోటికీ తేడా అందులో కలిసిపోయింది. 2015లో అంతోనియో ఉసేరో బృందం ఐరామ్ టెలిస్కోపుతో దాదాపు 30 దగ్గరి గెలాక్సీల పళ్లేల్లో 62 చోట్ల హైడ్రోజన్ సయనైడ్‌ను విడిగా కొలిచింది. కేంద్రం వైపు వెళ్లేకొద్దీ మొత్తం అణువాయువులో దట్టమైన భాగం పెరిగింది. అది ఎదురుచూసినదే. కానీ సయనైడ్ వెలుగుకు పరారుణ కాంతి ఎంత అన్న నిష్పత్తి పళ్లెం బయటి భాగాల్లో కంటే కేంద్రాల దగ్గర 6 నుంచి 8 రెట్లు తక్కువగా తేలింది. ఆ తర్వాత తొమ్మిది గెలాక్సీలను పూర్తిగా పటం గీసిన ఎంపైర్ అనే సర్వేలోనూ, సుడిగుండంలాంటి చేతులతో ప్రసిద్ధమైన ఎం 51 గెలాక్సీ మీద చేసిన పరిశీలనల్లోనూ ఇదే తీరు కనిపించింది. దట్టమైన వాయువు ఎక్కువ ఉన్న చోటే దాని పనితనం తక్కువ.

పాలపుంత కేంద్రం మనకు అతి దగ్గరి ఉదాహరణ కనుక అక్కడ కాస్త ఆగి చూడటం మంచిది. ఎండాకాలం చివర, మబ్బులు కమ్మకముందు, తెలుగునాట దక్షిణాకాశంలో వృశ్చికం తోక దగ్గర మెరిసే మూల నక్షత్రానికి కొద్దిగా ఉత్తరాన పాలపుంత కేంద్రం ఉంటుంది. మధ్యలో ఉన్న ధూళి వల్ల కంటికి ఏమీ తెలియదు. దాదాపు 26,700 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 40 లక్షల రెట్లకు పైబడిన ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం చుట్టూ, వ్యాసం సుమారు 1,500 కాంతి సంవత్సరాల ప్రాంతంలో 3 నుంచి 6 కోట్ల సూర్యుళ్లకు సరిపడే అణువాయువు చేరి ఉంది. దీన్ని కేంద్ర అణుమండలం అంటారు. హైడ్రోజన్ సయనైడ్ వెలుగు పాలపుంత పళ్లెంలో కార్బన్ మోనాక్సైడ్ వెలుగులో రెండు మూడు శాతం ఉంటే ఇక్కడ దాదాపు 8 శాతం. ఓరియన్ వంటి మేఘాల్లో ఎక్కడో కొన్ని ముద్దల్లో మాత్రమే కనిపించే పది వేల సాంద్రత ఇక్కడ మేఘాల సగటు.

ఇప్పుడు సూత్రాన్ని ఇక్కడికి వర్తింపజేసి చూద్దాం. పది వేల సాంద్రత ఉన్న వాయువు, ఏదీ అడ్డుపడకపోతే, తన బరువుకు తాను కుప్పకూలడానికి సుమారు 3 లక్షల సంవత్సరాలు చాలు. 4 కోట్ల సూర్యుళ్ల వాయువు ఆ లెక్కన కూలితే ఏడాదికి 130 సూర్యుళ్లు పుట్టాలి. నిజానికి ఎక్కడా అలా జరగదు. సాధారణ మేఘాల్లో ఒక్కో కూలే గడువులో నూటికి ఒక వంతు మాత్రమే నక్షత్రాలవుతుంది. ఆ తరుగు తీసేసినా ఏడాదికి ఒక సూర్యుడికి తగ్గకూడదు. కొలిచి చూస్తే వస్తున్నది దాదాపు పదో వంతు, అంటే పదేళ్లకు ఒక సూర్యుడంత. 2013లో స్టీవెన్ లాంగ్‌మోర్ తదితరులు ఈ లోటును విడమరచి చూపిన తర్వాత, సయనైడ్ సూత్రాన్ని కేంద్రాలకు యథాతథంగా అన్వయించడం కష్టమైంది.

లోటుకు మూలం ఏమిటి? అన్నిటికంటే నమ్మదగ్గ వివరణ పరిసరాల ఒత్తిడి నుంచి మొదలవుతుంది. రచ్చబండ దగ్గర పది మంది చేరితే ఊళ్లో అది గుంపు. జాతరలో పది మంది ఒకచోట నిలబడితే ఎవరూ గుంపు అనరు. అక్కడ గుంపు అనిపించుకోవాలంటే చుట్టూ ఉన్న జనం కంటే ఇంకా ఎంతో చిక్కగా మూగాలి. గురుత్వాకర్షణ గుర్తించేది కూడా ఈ తేడానే. సూర్యుడి పరిసరాల్లో పది వేల సాంద్రత అంటే చుట్టూ ఉన్న పలచని వాయువు నుంచి విడిపడి, తన బరువుతో తాను కట్టుబడిన ముద్ద అని అర్థం. కేంద్రంలో వాయువు మీద ఒత్తిడి ఇక్కడికంటే వందల, వేల రెట్లు ఎక్కువ. పది వేల సాంద్రత అక్కడ మామూలు నేపథ్యం. దట్టంగా ఉన్నది వాస్తవమే గాని, అది బయటి ఒత్తిడి కుక్కిన దట్టం, తన బరువు బిగించిన దట్టం కాదు.

దానికి తోడు అక్కడి వాయువు నిలకడగా ఉండదు. మూడు నాలుగు కాంతి సంవత్సరాల అడ్డుకొలత ఉన్న ముద్దలో ఓరియన్ వంటి చోట్ల వాయువు సెకనుకు ఒకటి, రెండు కిలోమీటర్ల వేగంతో కదలాడుతుంటే, కేంద్ర అణుమండలంలో అదే కొలతకు ఆ వేగం దాదాపు పది కిలోమీటర్ల దాకా వెళుతుంది. ఈ అల్లకల్లోలం వాయువును కొన్ని చోట్ల నొక్కుతుంది, చాలా చోట్ల చెదరగొడుతుంది, అన్ని చోట్లా వేడెక్కిస్తుంది. అక్కడి వాయువు ఉష్ణోగ్రత 50 నుంచి 100 కెల్విన్‌లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. కేంద్రం నుంచి 300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మేఘం ఒక చుట్టు తిరిగి రావడానికి 60 లక్షల సంవత్సరాలు చాలు. సూర్యుడికి అదే పని 20 కోట్ల సంవత్సరాలకు పైబడినది. లోపలి అంచు ముందుకు పరుగెడుతూ బయటి అంచు వెనకబడుతూ ఉంటే మేఘం మెలిపడుతుంది, సాగుతుంది. ఇటుకలో కొలిచిన అయస్కాంత క్షేత్రం దాదాపు 5 మిల్లీగాస్‌లు. భూమి క్షేత్రంతో పోలిస్తే స్వల్పమే అయినా, పళ్లెంలోని మేఘాలతో పోలిస్తే ఎంతో బలమైనది. వీటన్నిటినీ గెలిచి కూలాలంటే పది వేలు కాదు, పది లక్షలో కోటో సాంద్రత కావాలని అల్లకల్లోలం మీద కట్టిన సిద్ధాంతాలు చెబుతాయి. కేంద్రంలో గడప ఎత్తు ఎక్కువ. ఇటుకలో వాయువు ఎంత దట్టమైనా ఆ గడప దాటిన భాగం చాలా చిన్నది.

అయితే ఇదంతా హైడ్రోజన్ సయనైడ్ చెప్పిన సాక్ష్యం నిజమనుకుంటేనే. ఆ సాక్షిని ఇంకా గట్టిగా ప్రశ్నించినవారున్నారు. 2017లో యెన్స్ కౌఫ్‌మన్ బృందం ఓరియన్-ఎ మేఘాన్నే తీసుకుని, సయనైడ్ వెలుగు ఏ సాంద్రతల నుంచి వస్తున్నదో చోటు చోటునా సరిచూసింది. సగానికి సగం వెలుగు ఘన సెంటీమీటరుకు వెయ్యికి అటూఇటూగా ఉన్న పలచటి వాయువు నుంచే వస్తున్నదని తేలింది! ఒక్కో చోట బలహీనంగా ఉన్నా, పలచటి వాయువు విస్తీర్ణం ఎక్కువ కనుక కూడేసరికి దాని వాటాయే పెద్దదవుతుంది. ఓరియన్-బి మేఘం మీద జెరోమ్ పెటీ బృందం చేసిన పనిలో, నిజంగా దట్టమైన వాయువును ఎంచి చూపే అణువు డయాజెనీలియం అనే నత్రజని అయాన్ అని తేలింది. కార్బన్ మోనాక్సైడ్ ఈ అయాన్‌ను మింగేస్తుంది. బాగా చల్లగా, దట్టంగా ఉన్న చోట ఆ మోనాక్సైడే ధూళి రేణువుల మీద మంచులా పేరుకుపోతే తప్ప ఇది బతికి బట్టకట్టలేదు. ఈ అయాన్ వెలుగు మరీ మసక కావడం వల్ల ఇతర గెలాక్సీల్లో దాన్ని పటం గీయడం ఇటీవలి దాకా సాధ్యపడలేదు. ఎం 51 మీద నోయెమాతో చేసిన సర్వే ఆ పని చేసింది. పళ్లెంలో ఈ అయానూ సయనైడూ కలిసే పెరిగాయి గాని, కృష్ణబిలం చురుకుగా ఉన్న ఆ గెలాక్సీ కేంద్రంలో సయనైడ్ వాటాకు మించి వెలిగింది.

ఆ చివరి విషయం చిన్నది కాదు. కేంద్రంలో కృష్ణబిలం పదార్థాన్ని మింగుతూ ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంటే, చుట్టూ ఉన్న వాయువు రసాయన స్వభావమే మారిపోతుంది. 4 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో ఉన్న ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ దీనికి పాఠ్య ఉదాహరణ. దాని కేంద్రంలో కొన్ని వందల కాంతి సంవత్సరాల అణువాయు పళ్లెం ఉంది. అందులో కార్బన్ మోనాక్సైడ్‌తో పోలిస్తే సయనైడ్ వెలుగు అసాధారణంగా ఎక్కువ. అదంతా సాంద్రత వల్లనేనని చదివితే తప్పులో కాలేసినట్టే; వేడి, ఎక్స్ కిరణాలు, అభిఘాత తరంగాలు కలిసి అక్కడ సయనైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తున్నాయి. కనుక కేంద్రాల్లో కనిపించే లోటులో కొంత భాగం వాయువును ఎక్కువగా అంచనా వేయడం వల్ల వచ్చినదే అయి ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ వెలుగును హైడ్రోజన్ ద్రవ్యరాశిగా మార్చే గుణకం కూడా చాలా గెలాక్సీల కేంద్రాల్లో పళ్లెంలో కంటే తక్కువని తెలిసినదే. ఇన్ని సవరణలు చేసినా పాలపుంత కేంద్రపు లోటు మాత్రం చెరిగిపోదు. అక్కడ వాయువును సయనైడ్‌తోనే కాక, ధూళి వెలువరించే ఉష్ణ వికిరణంతో విడిగా తూచారు. ఆ తూకమూ ఇంచుమించు అదే చెబుతుంది. సాక్షి కొంత అతిశయోక్తి చేసినా అబద్ధం చెప్పలేదన్నమాట.

మరి నక్షత్రాలు జోరుగా పుడుతున్న కేంద్రాలు లేవా అంటే, ఉన్నాయి. 1783లో కరొలైన్ హెర్షెల్ కనుగొన్న ఎన్‌జీసీ 253 అనే గెలాక్సీ వాటిలో మనకు బాగా దగ్గరిది; దూరం 1.1 కోట్ల కాంతి సంవత్సరాలకు పైచిలుకు. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో మన దక్షిణాకాశంలో మంచి బైనాక్యులర్‌కే పొడవాటి మసక మరకలా దొరుకుతుంది. పాలపుంతలాగే దీనికీ మధ్యలో నక్షత్రాలు బారుగా చేరి ఏర్పడిన దూలం ఒకటి ఉంది. ఆ దూలం తిరుగుతూ పళ్లెంలోని వాయువు చుట్టువేగాన్ని దోచుకుంటే, వాయువు దూలం అంచుల వెంట కేంద్రానికి జారి వలయంలా పోగుపడుతుంది. ఎన్‌జీసీ 253 లో అలా చేరిన వాయువు వెయ్యి కాంతి సంవత్సరాల ప్రాంతంలోనే ఏడాదికి సుమారు 2 సూర్యుళ్లను కంటోంది. మొత్తం పాలపుంత కనేది ఇంచుమించు అంతే! 2018లో ఆడమ్ లెరోయ్ బృందం ఆల్మాతో ఆ వాయువు మడతల్లోకి తొంగిచూసి, ఇంకా పురిటి ధూళిలోనే ఉన్న 14 మహా నక్షత్ర గుచ్ఛాలను లెక్కపెట్టింది. ఒక్కొక్కదానిలో లక్ష సూర్యుళ్ల తరహా ద్రవ్యరాశి, అడ్డుకొలతేమో కొన్ని కాంతి సంవత్సరాలే. ఆల్కెమీ అనే మరో ఆల్మా సర్వే అక్కడే వందకు పైగా అణుజాతులను గుర్తించింది. ఒక గెలాక్సీ కేంద్రంలో ఇంత రసాయన వైవిధ్యం పాలపుంత బయట మరెక్కడా నమోదు కాలేదు.

ఎన్‌జీసీ 253 చూపే రెండో విషయం ఇంకా ఆసక్తికరం. పుట్టిన నక్షత్రాల గాలులు, సూపర్‌నోవా పేలుళ్లు కలిసి అక్కడి అణువాయువును పళ్లెం నుంచి పైకీ కిందికీ తోసేస్తున్నాయి. 2013లో అల్బెర్తో బొలాత్తో బృందం లెక్క ప్రకారం ఈ పోత ఏడాదికి కనీసం 3 సూర్యుళ్లంత, బహుశా 9 దాకా. అంటే నక్షత్రాలుగా మారే వాయువు కంటే ఊరు విడిచిపోయే వాయువు ఎక్కువ. పోతలో హైడ్రోజన్ సయనైడ్ కూడా కనిపించింది కనుక దట్టమైన వాయువు సైతం నక్షత్రాలుగా మారే అవకాశం రాకముందే కొట్టుకుపోతున్నదన్నమాట.

దీని ఆధారంగా రెండో వివరణ ఒకటి పుట్టింది: లోటు శాశ్వతం కాదు, వంతుల మీద వచ్చేది. కేంద్రంలో వాయువు చాలాకాలం ఊరికే పోగుపడుతుంది, ఒక దశలో గడప దాటి ఒక్కసారిగా నక్షత్రాలు విరగకాస్తాయి, ఆ నక్షత్రాలే మిగిలిన వాయువును ఊడ్చేస్తాయి, మళ్లీ మొదటికి. ఎన్‌జీసీ 253 ఇప్పుడు విరగకాసే దశలో ఉంది, పాలపుంత తీరికగా ఉంది. డిడెరిక్ క్రుయిసెన్ తదితరులు 2014లో ఈ చక్రాన్ని వివరంగా కట్టి చూపారు. దీనికి అనుకూలమైన ఆధారాలున్నాయి. పాలపుంత దూలం కేంద్రానికి చేరవేస్తున్న వాయువు ఏడాదికి దాదాపు ఒక సూర్యుడంత అని అంచనా. ఖర్చు అందులో పదో వంతే. ఈ జమాఖర్చు ఎంతోకాలం ఇలా సాగదు. 2019లో దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ టెలిస్కోపు పాలపుంత కేంద్రానికి పైనా కిందా మొత్తం 1,400 కాంతి సంవత్సరాల మేర రెండు రేడియో బుడగలను చూపింది. కొన్ని పదుల లక్షల సంవత్సరాల కిందట అక్కడ ఏదో పెద్ద ఉప్పెన జరిగిందనడానికి అవి గుర్తు. అది నక్షత్రాల పనో, కృష్ణబిలం పనో ఇంకా తేలలేదు.

కానీ వంతుల వివరణ ఒక్కటే చాలదు. వంతుల మాటే నిజమైతే కొన్ని కేంద్రాల్లో పనితనం పళ్లెం కంటే తక్కువగా, కొన్నింటిలో ఎక్కువగా ఉండి, అనేక గెలాక్సీలను కలిపి సగటు తీసినప్పుడు తేడా చెరిగిపోవాలి. ఉసేరో లెక్కలోనూ ఎంపైర్‌లోనూ సగటే కిందికి ఒరిగి ఉంది. అందుచేత ఎత్తయిన గడప అన్నది మూల కారణమనీ, వంతులు దాని మీద వచ్చిపోయే అలలనీ అనుకోవడం ఇప్పటికున్న ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. సయనైడ్ చేసే అతిశయోక్తి ఎంతో ఒక్కో గెలాక్సీకీ తేల్చుకుంటే తప్ప ఈ అంచనాకు అంకెలు తొడగడం కుదరదు.

గడప మాట నిజమా కాదా అని తేల్చుకోవడానికి పాలపుంత కేంద్రంలోనే ఒక మంచి జోడీ ఉంది. ఇటుక ఉన్న వాయు ప్రవాహం మీదనే, కేంద్రం నుంచి దాదాపు 390 కాంతి సంవత్సరాల దూరంలో, ధనుస్సు బి2 అనే మేఘం ఉంది. దాని లోపలి భాగాలు ఇటుక కంటే ఎన్నో రెట్లు చిక్కన. 2018లో ఆడమ్ గిన్స్‌బర్గ్ బృందం ఆల్మాతో అక్కడ 270కి పైగా చిన్న చిన్న మూలాలను పట్టింది; వాటిలో అత్యధికం పుడుతున్న బరువైన నక్షత్రాలే. మొత్తం కేంద్ర అణుమండలంలో ఇప్పుడు జరుగుతున్న నక్షత్రాల పుట్టుకలో సగం వరకూ ఈ ఒక్క మేఘానిదే. ఒకే ఒత్తిడి, ఒకే అల్లకల్లోలం ఉన్న పరిసరాల్లో ఒకటి గొడ్డుబోయినట్టు ఉండి మరొకటి కిక్కిరిసి ఉండటం, గడప ఎత్తుగా ఉందిగాని దాటరానిది కాదని చెబుతుంది. ప్రవాహం వెంట లెక్కగట్టిన కక్ష్యను బట్టి రెండు మేఘాలూ కేంద్రానికి అతి దగ్గరి బిందువును దాటి వచ్చాయనీ, ధనుస్సు బి2 ఇటుక కంటే కొన్ని లక్షల సంవత్సరాలు ముందు దాటిందనీ ఒక వాదన ఉంది. అదే నిజమైతే ఇటుక గొడ్డుది కాదు, నెలలు నిండనిది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇటుక మీద దృష్టి పెట్టినప్పుడు, వాయువు అంత వెచ్చగా ఉన్నా ధూళి మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పెద్దఎత్తున మంచుగా గడ్డకట్టేంత చల్లగా ఉందని కనబడింది. కక్ష్య వాదన తేలాలంటే ఆ మేఘాలు ఒకదాని వెనక ఒకటి ఎంత దూరంలో ఉన్నాయో తెలియాలి. కేంద్రాన్ని పళ్లెం అంచు వైపు నుంచి, మధ్యనున్న ధూళి గుండా చూస్తున్న మనకు అన్నిటికంటే కష్టమైన కొలత అదే.